పెద్దనాయన సిగరెట్లు, నా డ్రైవింగు పాఠాలు

నా చిన్నప్పుడు, పన్నెండో ఏట, కువైట్ నగరం నడిబొడ్డున నేను బండి నడపడం నేర్చుకున్నాను. అప్పుడు ఊరంతా ఇరాక్ సైనికులు. బడులు తెరవలేదు. నా కాలు బ్రేకును అందుకోవాలంటే సీటు అంచు దాకా జారి కూర్చోవాలి. అన్నిటికన్నా విచిత్రం, ఆ బండికి చక్రాలే లేవు. అయినా ఆ నెలన్నర రోజుల్లో తిప్పిన స్టీరింగు, వేసిన గేర్లు తలుచుకుంటే, మనవరాలిని ఎత్తుకునే ఈ వయసులో కూడా నా గుండె గబగబా కొట్టుకుంటుంది.

మాది కడప జిల్లాలో రాజంపేట వైపు. మా నాయన కువైట్ నగరంలోని మిర్కాబ్‌లో ఒక ఆఫీసులో టైపిస్టు. ఆ ఆఫీసు వెనక సందులో పాత మూడంతస్తుల భవనంలో మా కాపురం. మా పెద్దనాయన, అంటే నాయనకు అన్న, సబా అల్ సలేంలో ఒక కువైటీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. శుక్రవారం సెలవు దొరికితే మా ఇంటికి వచ్చేవాడు. ఆయన వచ్చాడంటే ఇంట్లో పండగే. కఫీల్, అంటే ఆ ఇంటి యజమాని, ఎట్లా కసురుతాడో, పనివాళ్లు మామా అని పిలిచే కఫీల్ భార్య ఎట్లా దీర్ఘాలు తీస్తుందో గొంతు మార్చి, మూతి తిప్పి చేసి చూపించేవాడు. నేను పొట్ట పట్టుకుని నవ్వేదాన్ని. ఎన్ని వేషాలు వేసినా ఆయన వేళ్ల మధ్య మాత్రం సిగరెట్టు వెలుగుతూనే ఉండేది. ఒకటి ఆరకముందే ఇంకొకటి అంటుకునేది. రోజుకు రెండు పెట్టెలు. ఆయన వాసన, సిగరెట్టు వాసన వేరువేరని నాకు చాన్నాళ్లు తెలియదు.

ఆగస్టు మొదట్లో ఒకరోజు పొద్దున లేచి చూస్తే వీధిలో ట్యాంకులు. పెద్దనాయన కఫీల్ కుటుంబం అప్పటికే ఎండలకు తట్టుకోలేక పైదేశం వెళ్లి ఉంది. నాలుగైదు రోజులకు కఫీల్ వాళ్ల అన్న వచ్చి, వాళ్ల పెద్ద అమెరికన్ బండి తాళాలు పెద్దనాయన చేతిలో పెట్టాడట. ఇక్కడే ఉంటే సైనికులు ఎత్తుకుపోతారు, నీకైనా పనికొస్తుంది, నీవాళ్లను ఒడ్డున చేర్చుకో అన్నాడట. పెద్దనాయన ఆ బండిని మా భవనం వెనక ఖాళీ జాగాలో పెట్టి, ఎవరూ దోచుకుపోకుండా దాని నాలుగు చక్రాలు, బ్యాటరీ విప్పి మా స్నానాలగదిలో దాచి, తనూ మాతోనే ఉండిపోయాడు. బండి ఇటుకల మీద నిలబడింది. మేము చక్రాల మధ్య నిలబడి స్నానం చేశాం. నాకైతే అంతా పెద్ద ఆటలా ఉండేది.

ఇప్పుడు మా పక్కింటి అక్క గురించి చెప్పాలి. ఆమెది కోనసీమ. ప్రభుత్వ ఆసుపత్రిలో నర్సు. భర్త సెలవు మీద ఊరెళ్లి అక్కడే చిక్కుకుపోవడంతో ఒంటరిగా ఉండేది. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎక్కడికో బస్సు తప్పిపోతున్నట్లు నడిచేది. నన్ను బుజ్జీ అని పిలిచేది. అందరూ గొంతు తగ్గించి మాట్లాడుకునే ఆ రోజుల్లో కూడా ఆమె గలగలమని మాట్లాడేది.

సైనికులు వచ్చిన రెండు వారాలకు, పొద్దున ఎండ ముదరకముందు, పెద్దనాయనా నేనూ మిద్దె మీద కూర్చుని ఉన్నాం. ఆయన సిగరెట్టు కాలుస్తూ, చక్రం దొర్లించుకుంటూ మెట్లెక్కినప్పుడు మా నాయన ఎట్లా రొప్పాడో చేసి చూపిస్తున్నాడు. ఉన్నట్టుండి సిగరెట్టు వేళ్ల మధ్య నుంచి జారి కింద పడింది. వంగి తీయబోయాడు. కుడిచెయ్యి దాని పక్కన నేల మీద తడుముతోంది గానీ వేళ్లు ముడుచుకోలేదు. నా వైపు తిరిగి ఏదో అన్నాడు. మాటలు నోట్లో అన్నం ఉన్నట్లు ముద్దముద్దగా వచ్చాయి. మూతి ఒక పక్కకు జారిపోయింది.

నేను పకపకా నవ్వాను. ఇది కూడా ఒక వేషమే అనుకున్నాను. ఇంకోసారి చెయ్యి పెద్దనాయనా అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇవాళ్టికీ నాకు సిగ్గుగా ఉంటుంది.

నా నవ్వు విని, దండెం మీద దుప్పటి ఆరేస్తున్న అక్క ఇటు తిరిగింది. తడి దుప్పటి అక్కడే వదిలేసి ఒక్క ఉరుకున వచ్చి ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"బాబాయిగారూ, ఓసారి నవ్వండి. పళ్లు కనపడాలి. ఆఁ. ఇప్పుడు రెండు చేతులూ పైకెత్తండి. మీ ఊరి పేరేంటో చెప్పండి."

నవ్వు సగం ముఖంలోనే వచ్చింది. కుడిచెయ్యి లేచినట్టే లేచి కిందికి వాలిపోయింది. ఊరి పేరు రాలేదు. అక్క ఆయన్ని పక్కకు తిప్పి పడుకోబెట్టి, తన చేతి గడియారం చూసుకుంది. నేను కిందికి పరుగెత్తి అమ్మానాయనలను పిలుచుకొచ్చాను. మేము పైకి వచ్చేసరికి ఆయన లేచి కూర్చుని వేళ్లు విప్పి, ముడిచి చూసుకుంటున్నాడు. పది నిమిషాలు కూడా గడవలేదు. మూతి సరిగ్గానే ఉంది. మాట కూడా వచ్చేసింది.

"ఏం లేదబ్బా. చెయ్యి తిమ్మిరెక్కినట్లుండాది, అంతే. యాలట్లా చూచ్చాండారు అందరూ?" అన్నాడు.

మా నాయనకు ప్రాణం కుదుటపడింది. వీధిలో సైనికులున్నారు, తగ్గిపోయింది కదా, రేపు చూద్దాం అన్నాడు. అక్క ఒప్పుకోలేదు. తగ్గింది కాబట్టే ఇప్పుడు వెళ్లాలి, మళ్లీ వచ్చిందంటే అది పోకపోవచ్చు అంది. ఐదు నిమిషాల్లో తెల్ల యూనిఫారం వేసుకుని వచ్చింది. పక్క సందులోని పఠాన్ టాక్సీ మాట్లాడింది. చిన్నపిల్ల ఉంటే సైనికులు తొందరగా వదులుతారని నన్ను కూడా ఎక్కించుకుంది. రెండుచోట్ల ఆపారు. రెండుచోట్లా అక్క తన ఆసుపత్రి కార్డు కిటికీలోంచి చాపి, అరబ్బీలో ఏదో గట్టిగా అదిలిస్తే తుపాకులు పట్టుకున్న వాళ్లు పక్కకు జరిగారు. నాకు ఆ క్షణాన ఆమె మహారాణిలా కనిపించింది.

ఆసుపత్రిలో సగం మంది డాక్టర్లు లేరు. ఉన్న ఒక ముసలి డాక్టరు పెద్దనాయనను చాలాసేపు పరీక్షించాడు. బీపీ చాలా ఎక్కువ ఉందన్నాడు. మెదడుకు పోయే రక్తనాళంలో గడ్డ కాసేపు అడ్డుపడి, దానంతటదే జరిగిపోయిందన్నాడు. పక్షవాతం గడప దాకా వచ్చి వెనక్కి తిరిగిందన్నమాట. మాత్రలు ఇచ్చాడు. ఒక నెల బండి నడపొద్దన్నాడు. ఆఖరున పెద్దనాయన చొక్కా జేబులోని పెట్టె బయటికి తీసి బల్ల మీద పెట్టి, ఖలాస్ అన్నాడు. ఆ మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది.

ఇంటికొచ్చాక పెద్దనాయన చాలా వాదించాడు. మా జేజినాయన, అంటే తన నాయన, జీవితమంతా చుట్ట తాగి తొంభై ఏళ్లు బతికాడన్నాడు. మాత్రలు ఇచ్చినారు గదా, ఇంగేంది అన్నాడు. అక్క సమాధానం చెప్పకుండా మా స్నానాలగదిలోకి వెళ్లి, కిందటి వారం నాయన విప్పి మార్చిన పాత కుళాయి గొట్టం తెచ్చింది. లోపలంతా ఉప్పు పేరుకుని, చిటికెన వేలు కూడా పట్టనంత సన్నగా అయింది.

"సిగరెట్టు పొగ లోపల నరాల గోడల్ని గీరేసి ఇలా గరుకు చేసేస్తదండీ. బీపీ పెంచుద్ది. రక్తాన్ని చిక్కగా చేసి గడ్డ కట్టిస్తది. ఆ గడ్డ పోయి మెదడు నరంలో ఇరుక్కుందంటే ఇంకేముంది, ఆ పక్క చెయ్యీ కాలూ మాటా అన్నీ పోతాయి. మీ నాన్నగారికి రాలేదండి, ఒప్పుకుంటాను. మీకు మాత్రం ఇవాళ పొద్దున్న వచ్చింది. నేను చూసేను."

పెద్దనాయన గొట్టంలోంచి వెలుతురు చూశాడు. చాలాసేపు చూశాడు. 

ఆయన జబ్బు భయం వెనక ఇంకో భయం ఉంది. మా భవనంలో ఉన్న మావాళ్లందరూ ఆయన మీదే ఆధారపడి ఉన్నారు. బండి ఉంది, దారి తెలిసినవాడు ఆయనొక్కడే. నాయనకు సైకిల్ తప్ప ఏదీ రాదు. కింది అంతస్తులోని ఇద్దరు గోదావరి దర్జీలకూ రాదు. బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడి నుంచి జోర్డాన్ సరిహద్దు దాకా ఎడారిలో వెయ్యి కిలోమీటర్లకు పైగా పోవాలి. ఆ దారిలో ఆయన చెయ్యి స్టీరింగు మీంచి జారితే మా అందరి కథా అక్కడితో సరి.

మర్నాడు అక్క నన్ను మెట్ల మీద కూర్చోబెట్టుకుంది. పెద్దనాయన సిగరెట్టు డబ్బాలన్నీ అప్పటికే ఆమె బీరువాలోకి వెళ్లిపోయాయి.

"నీకో పెద్ద పని చెప్తాను బుజ్జీ. సిగరెట్టు కావాలనే యావ వచ్చిందంటే ఐదారు నిమిషాలు చంపేస్తది. ఆ కాసేపు దాటించేస్తే దానంతటదే తగ్గుద్ది. ఆయన చెయ్యి జేబు మీదకి పోవడం చూసేవనుకో, వెంటనే డ్రైవింగు నేర్పమని ప్రాణం తీసెయ్. నేను చెప్పేనని మాత్రం అనకు."

పన్నెండేళ్ల పిల్లకు ఇంతకన్నా గొప్ప ఉద్యోగం ఏముంటుంది! ఆ రోజు నుంచి నేను పెద్దనాయన కుడిచేతికి కాపలాదారును. ఆ చెయ్యి ఖాళీ జేబు వైపు కదిలిందంటే చాలు, ఆయన చొక్కా పట్టుకుని లాగేదాన్ని. వింతేమిటంటే ఆయన ఒక్కసారి కూడా విసుక్కోలేదు. ఇంట్లో నాయన మీద అరిచేవాడు, తల పగిలిపోతోందని లవంగాలు నములుతూ గోడకు గుద్దేవాడు. నేను పిలిస్తే మాత్రం, పదమ్మా అని లేచి వచ్చేవాడు.

దుమ్ము కొట్టుకున్న ఆ బండిలో నేను డ్రైవరు సీట్లో, ఆయన పక్క సీట్లో. మొదట అద్దాలు. వెనకద్దం చూడకుండా వేలు కూడా కదపకూడదు. తర్వాత గేరు కడ్డీ, అది స్టీరింగు పక్కనే ఉండేది. ఆ తర్వాత అసలు ప్రయాణం మొదలయ్యేది. పెద్దనాయన నోటితోనే ఇంజను మోగించేవాడు. నోటితోనే ఎదురుగా లారీలు తెచ్చేవాడు.

"జహ్రా వచ్చె పాపా, రోడ్డు తిరగతాది, నిదానం. అద్దో ఒంటె! తొక్కు బ్రేకు! ఒంటె అయ్యగారి మాదిరి నడుచ్చాంది, హారన్ కొడితే అలుగుతాది. పోనీలే, దాన్ని పోనీ. ఇప్పుడు పోనియ్ మనం."

నేను కువైట్ పొలిమేరలోని జహ్రా దాటాను. ముత్లా గుట్ట ఎక్కాను. బస్రా ఖర్జూరం తోటల్లోంచి వెళ్లాను. ఒకసారి మేము బాగ్దాద్ దగ్గర ఉండగా నిజంగానే దూరంగా ఢాం ఢాం అని పేలుళ్లు వినిపించాయి. నా చేతులు స్టీరింగు మీద బిగుసుకున్నాయి. పెద్దనాయన కిటికీలోంచి తల బయట పెట్టి, ఎవడో లారీ టైరు పగలగొట్టుకున్నాడు, నువ్వు ఎడమ పక్కనుంచి పోనియ్ అన్నాడు. నేను ఎడమ పక్కనుంచి పోనిచ్చాను. ఐదు నిమిషాలు అనుకున్నది గంట అయ్యేది. రోజుకు పది ప్రయాణాలు చేసిన రోజులున్నాయి. కొన్నాళ్లకు ఎనిమిది, తర్వాత ఐదు. ఆయన చెయ్యి జేబు వైపు పోవడం తగ్గుతూ వచ్చింది. నాకు ప్రయాణాలు తగ్గుతున్నాయని బాధగా కూడా ఉండేది.

ఒక మధ్యాహ్నం మాత్రం ఆయన మిద్దె మీద పాత పూలకుండీలో కాల్చి పారేసిన పీకలు వెతుకుతూ నా కంటపడ్డాడు. మట్టి పట్టిన ఒక పీక వేళ్ల మధ్య ఉంది. నన్ను చూసి చిన్నపిల్లాడిలా చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. పెద్దనాయనా, బాగ్దాద్ దాటాక దారి నాకు రాదు అన్నాను. ఆయన ఆ పీకను కుండీలోనే పాతేసి, నాతో కిందికి వచ్చాడు.

నెల దాటాక అక్క ఆయన్ని మళ్లీ అదే డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. బీపీ దిగింది. నడపవచ్చన్నాడు. ఇంకో రెండు వారాలకు కాగితాలు, రొట్టెలు, నీళ్ల డబ్బాలు సిద్ధమయ్యాయి. చక్రాలు మా స్నానాలగదిలోంచి మెట్లు దిగాయి. బండి ఇటుకల మీంచి దిగి తన కాళ్ల మీద నిలబడిన రోజు మా సందంతా కేకలు వేసింది. అమ్మా నాయనా నేనూ, అక్కా, ఇద్దరు దర్జీలూ ఎక్కాం. అక్క తన బీరువాలోని సిగరెట్టు డబ్బాలు తెచ్చి, ముందు సీట్లో పెద్దనాయన పక్కన కూర్చున్న నా కాళ్ల దగ్గర పెట్టింది. దారిలో సైనికులు అడిగేది నీళ్లు, సిగరెట్లే, అవి ఇస్తే తొందరగా వదులుతారని అందరికీ తెలుసు. అంటే పెద్దనాయన రెండు రోజుల పాటు మూరెడు దూరంలో సిగరెట్లు పెట్టుకుని బండి నడపాలి.

"యల్లా! పదండి!" అన్నాడు పెద్దనాయన. ఈసారి ఇంజను తన సొంత గొంతుతో మోగింది.

జహ్రా వచ్చినప్పుడు నేను ముందే చెప్పాను, రోడ్డు తిరుగుతుందని. నిజంగానే తిరిగింది. ఒంటె కనిపించలేదు గానీ ముత్లా గుట్ట అక్కడే ఉంది, ఖర్జూరం తోటలు అక్కడే ఉన్నాయి. అన్నీ నేను చూసిన చోట్లే అనిపించి, కిటికీలోంచి తల పెట్టి కేకలు వేశాను. నది మీద వంతెన దాటుతున్నప్పుడు మాత్రం కేకలు ఆపి, రెండు పక్కలకూ తల తిప్పుతూ చూశాను. అన్ని నీళ్లు ఒకేచోట పారడం ఊహ తెలిశాక నేను చూడటం అదే మొదలు. అమ్మ కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.

దారిపొడవునా ఆపారు. ఆపిన ప్రతిచోటా నేను ఒక పెట్టె తీసి కిటికీలోంచి ఇచ్చేదాన్ని. రెండో రోజు, బాగ్దాద్ దాటాక, ఎడారి మధ్యలో ఒక కాపలా దగ్గర ఒక సైనికుడు ఆపాడు. పాతికేళ్లు ఉంటాయేమో, మీసం దుమ్ముతో తెల్లగా ఉంది. నేనిచ్చిన పెట్టె చూసి అతని ముఖం వెలిగింది. అక్కడే విప్పి, ఒకటి నోట్లో పెట్టుకుని అంటించి, ఇంకొకటి కూడా అంటించి పెద్దనాయన నోటి ముందుకు చాపాడు. తఫద్దల్, తీసుకో అన్నాడు.

పెద్దనాయన గుండె మీద చెయ్యి పెట్టుకుని వద్దన్నాడు. అతను మళ్లీ చాపాడు. పెద్దనాయన మళ్లీ వద్దన్నాడు. సైనికుడి నవ్వు తగ్గింది. తను ఇచ్చింది పుచ్చుకోకపోవడం అతనికి అవమానంగా తోచిందేమో, లేక మేము ఇచ్చిన పెట్టెలో ఏదైనా కలిపామని అనుమానం వచ్చిందేమో, భుజం మీద తుపాకీ సర్దుకుని గట్టిగా ఏదో అన్నాడు. వెనక సీట్లో నాయన, పట్టుకో అన్నా పట్టుకో అని గొణుగుతున్నాడు. పొగ బండిలోకి వచ్చింది. నేను పెద్దనాయన కుడిచేతి వైపు చూశాను. అది లేచింది. సిగరెట్టు వైపు పోతోంది.

నేను ఏమీ ఆలోచించలేదు. సీటు మీద మోకాళ్లతో లేచి, సైనికుడికి కనపడేలా రెండు వేళ్లు పెదాల దగ్గర పెట్టుకుని పొగ పీల్చినట్లు చేశాను. తర్వాత పెద్దనాయనను చూపించాను. తర్వాత నా మూతి ఒక పక్కకు జార్చి, కుడిచెయ్యి వేలాడేసి, మిద్దె మీద ఆ రోజు ఆయన చేసినట్లే ముద్దముద్దగా మాట్లాడి సీట్లోకి కూలిపోయాను. అమ్మ కెవ్వుమంది.

సైనికుడు ఒక్క క్షణం నోరు తెరిచి, తర్వాత విరగబడి నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. పెద్దనాయనను తేరిపార చూశాడు. అబూయా అన్నాడు. మా నాన్న అని. తన ఎడమ భుజం నుంచి పాదం దాకా చేత్తో గీత గీసి, ఆ సగం పోయిందని చూపించాడు. అక్క వెనక నుంచి అరబ్బీలో మెల్లగా ఏదో అడిగింది. అతను చెప్పాడు. ఆమె మళ్లీ అడిగింది. మా బండి వెనక నాలుగు బళ్లు ఆగి ఉన్నాయి. ఎండలో ఆ ఇద్దరూ ఒక మంచాన పడ్డ మనిషి గురించి మాట్లాడుకున్నారు. ఆఖరున అతను పెద్దనాయన కోసం అంటించిన సిగరెట్టు పారేశాడు. తనది మాత్రం పారేయలేదు. అది పీలుస్తూనే కడ్డీ ఎత్తి, నా వైపు చూసి మూతి వంకర పెట్టి, పొమ్మని చెయ్యి ఊపాడు.

పెద్దనాయన బండి పోనిచ్చాడు. తర్వాత, "ఆ పొద్దు నేను అట్లుంటినా మ్మే?" అని అడిగాడు. అవునన్నాను. ఆయనకు తెలియదు కదా, తన ముఖం తను చూసుకోలేదు.

సరిహద్దు దాటి, ఎడారిలో వేసిన డేరాల్లో విమానం కోసం ఎదురుచూసిన రోజులు తొమ్మిది. దుమ్ము, నీళ్ల వరసలు, రొట్టెల వరసలు. అయినా అందరి ముఖాల్లో బతికి బయటపడ్డామన్న సంబరం. మూడో రోజు మధ్యాహ్నం డేరా వెనక్కి వెళ్లి చూస్తే పెద్దనాయన ఎవరో ఊరివాడితో కూర్చుని సిగరెట్టు కాలుస్తున్నాడు.

నేను అరిచిన అరుపుకు నాలుగు డేరాల వాళ్లు బయటికి వచ్చారు. ఇంతదూరం కాపలా కాసింది ఇందుకేనా అని ఏడ్చాను. ఆయన బిత్తరపోయాడు.

"అదేంది మ్మే, నాకు కాపలా నువ్వా? నీకు గదా నేను కాపలా! తుపాకీ చప్పుడికి పిల్ల ఉలిక్కిపడతాంది, అన్నం తినదు, బండిలో కూర్చోబెడితేనే నవ్వుతాంది, పిలిస్తే ఎంత కష్టమైనా పో బాబాయ్, దాని ముందర సిగరెట్టు ముట్టొద్దు అని అక్క నాతో చెప్పల్యా? ఇప్పుడు నువ్వు బాగయినావు, నా పని ఖలాస్ అనుకుంటి."

నాకేం భయం, నేనెప్పుడు భయపడ్డాను అన్నాను. అప్పుడు అమ్మ చెప్పింది. సైనికులు వచ్చిన మొదటి రెండు వారాలు నేను అన్నం ముద్ద మింగలేక కక్కేదాన్నట. నిద్రలో అమ్మ కొంగు పిడికిలిలో పట్టుకుని వదిలేదాన్ని కాదట. బండి పాఠాలు మొదలయ్యాక అది పోయిందట. నాకు అదేమీ గుర్తులేదు. అంతా ఆట అనుకున్న నేను, లోపల అంత వణికిపోయానా అని నాకే ఆశ్చర్యం వేసింది.

ఇద్దరం కలిసి అక్క దగ్గరికి వెళ్లాం. ఆమె నీళ్ల వరసలో నిలబడి ఉంది. నన్ను మోసం చేశావంటే నన్ను మోసం చేశావని ఇద్దరం ఒకేసారి అన్నాం. అక్క నవ్వింది.

"ఇద్దరితోనూ నిజమే చెప్పేనండీ. మీ జబ్బు గురించి మీకు చెప్తే వినేవారా? ఎదుటోళ్ల కోసమంటే ఎంతయినా చేసేరు." తర్వాత పెద్దనాయన వేళ్ల వాసన తగిలి ఆమె నవ్వు ఆగిపోయింది. "ఒకటి తాగేరు. అయిపోయింది. దానికే ఇన్నాళ్ల కష్టమూ పోలేదు. రెండోది మాత్రం అంటించకండి. మానేసిన కొద్దీ ముప్పు తగ్గుతా వస్తది, కానీ ఏళ్లు పట్టుద్ది. ఇప్పుడింక ఎవరి కోసమూ వద్దు బాబాయిగారూ. మీ కోసమే మానండి."

ఆయన రెండోది అంటించలేదు. ఆ తర్వాత మళ్లీ కువైట్ వెళ్లాడు, ఇంకా చాలా ఏళ్లు బండి నడిపాడు, రోజూ బీపీ మాత్ర వేసుకున్నాడు. ఎనభై దాటి బతికాడు. ఆఖరి రోజు దాకా కఫీల్ గొంతుతో మమ్మల్ని నవ్వించాడు. ఆయన మూతి మళ్లీ వంకర పోలేదు. అందరి విషయంలోనూ ఇట్లాగే జరుగుతుందని నేను అనను. ఆ సైనికుడి నాన్న సంగతి నాకు గుర్తుంది, ఆ సైనికుడి నోట్లో ఆరని సిగరెట్టు కూడా గుర్తుంది.

ఆ రోజుల నుంచి నా దగ్గర రెండు అలవాట్లు మిగిలాయి. ఎవరికైనా ఉన్నట్టుండి మాట తడబడినా, చేతిలో వస్తువు జారినా నేను వేళాకోళం చేయను. నవ్వమంటాను, చేతులెత్తమంటాను, ఊరి పేరు చెప్పమంటాను. ఒక్కటి తేడాగా ఉన్నా, పది నిమిషాల్లో తగ్గిపోయినా సరే, ఆసుపత్రికి పరుగెత్తిస్తాను. ఇప్పటికి ఇద్దరిని అట్లా పంపాను.

రెండోది మా ఎదురింటి పిండిమర అతనికి బాగా తెలుసు. నలభై ఏళ్ల వాడు, ఇద్దరు ఆడపిల్లలు. అతను మర ఆపి బయటికి వచ్చి జేబు తడుముకున్నాడంటే నేను అరుగు మీంచి కేకేస్తాను. నాయనా, ఈ బియ్యం మూట కాస్త లోపల పెట్టవూ, ఈ గ్యాసు బండ కాస్త జరపవూ అని. వస్తాడు. పని అయ్యేసరికి మంచినీళ్లు ఇచ్చి, పిల్లల చదువుల గురించి అడుగుతాను. ఐదారు నిమిషాలు దాటిపోతాయి. మొన్న అతను బండ జరిపి, నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను అనుమానంగా చూశాడు.

"ఏం మ్మా, ఈ బండను నిన్న ఆ మూల నుంచి ఈ మూలకు పెట్టిస్తిరి, ఇయాల మళ్లా ఆ మూలకు. నాకేం అర్థం కాల్యా" అన్నాడు.

"నడుం నొప్పి నాయనా, నా చేత కాదు" అన్నాను.

అది అబద్ధం కాదు. నా నడుం నిజంగానే నొప్పి.